మూడు చిల్లుల డబ్బా

1998లో నేను రాజమండ్రిలోని ఒక బి.ఇడి. కళాశాలలో సైన్సు బోధనా పద్ధతులు చెప్పేవాణ్ణి. ఉపాధ్యాయులు కావాలని వచ్చే మైనారిటీ కుర్రవాళ్ళ కోసం ఆ ఏడు కళాశాల ఒక పథకం పెట్టింది. ఒక్కొక్కరికి ఒక అధ్యాపకుడు చివరిదాకా అండగా ఉండాలి. నాకు అప్పగించిన అబ్బాయి ఖాజా. వాళ్ళ నాన్న మస్తాన్ మా నాన్నగారి గుర్రబ్బండి తోలినవాడు. ఆ బండీ, మండపేట దగ్గరి మా భూములూ పోయి చాలా ఏళ్ళయింది. దొరల నడక మాత్రం మేము మార్చుకోలేదు.

టీచింగ్ ప్రాక్టీస్ అంటే శిక్షణలో ఉన్నవాళ్ళు నిజమైన బడిలో పాఠం చెప్పడం. మేము చూసి అబ్జర్వేషన్ బుక్‌లో తప్పొప్పులు రాస్తాం. నేను బోర్డు పక్కనే కుర్చీ వేయించుకునేవాణ్ణి. నన్ను చూడగానే ఖాజా గోడకు అంటుకుపోయేవాడు.

“పాఠం చెప్పవయ్యా.”

“అలాగే దొరగారూ.”

“సార్ అనాలి.”

“అలాగే దొరగారూ.”

ప్రతిసారీ ఒకటే రాశాను: ఆత్మవిశ్వాసం లేదు.

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ ఒకరోజు నవ్వి అన్నారు: “ఆ అబ్బాయి పాఠం వినాలంటే మీరు లేనప్పుడు రావాలండి.”

మర్నాడు వరండాలో, తలుపు పక్కన నిలబడ్డాను. లోపల ఖాజా గొంతు మోగుతోంది: “ఒరేయ్, నీళ్ళ సంగతి మనుషుల్లా కాదురా. అడుగున ఉన్నవాటికే జోరెక్కువ!” పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. అతని భయం నేనే.

చివరి పరీక్షలో ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా నేను గదిలో ఉండి తీరాలి. అది నిబంధన. చదువుకు ఆలస్యంగా వచ్చిన అతనికి ఉద్యోగానికి వయోపరిమితి దాటడానికి ఆ ఒక్క ఏడే మిగిలింది. ముందు రాత్రి నాకు నిద్ర లేదు.

ఆ రోజు కుర్చీ వద్దని వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నాను. అయినా ఖాజా నన్ను చూశాడు. బల్లమీద పైనుంచి కిందికి మూడు చిల్లులున్న డబ్బా, నిండా నీళ్ళు, చిల్లులకు అంటించిన ప్లాస్టరు. చెయ్యి దానిమీదే ఆగిపోయింది. నిమిషం గడిచింది. పరాయి కళాశాల నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పెన్ను తీశారు. పరీక్షలో కలగజేసుకుంటే పాఠమే రద్దు కావచ్చు.

లేచి, చేతులు కట్టుకున్నాను.

“మాస్టారండీ, ఏ చిల్లులోంచి నీళ్ళు ఎక్కువ దూరం పడతాయండీ?”

గదంతా వెనక్కి తిరిగింది. ఖాజా నావైపు తిరిగాడు.

“కూర్చోండి,” అన్నాడు. మా ఇంటివాళ్ళతో వాళ్ళింటివాళ్ళు ఆ మాట అనడం అదే మొదలు. “చెప్పను. చూపిస్తాను.”

ప్లాస్టరు లాగాడు. అడుగు చిల్లులోంచి నీళ్ళు ఎగిరి ముందు బెంచీని తడిపాయి.

బయటికి రాగానే ఎక్స్‌టర్నల్ అడిగారు: “ఏంటండీ ఆ పని?”

“తప్పు నాది. శిక్ష వేస్తే నాకు వెయ్యండి.”

ఆయన అత్తెసరు మార్కులతో ఖాజాను గట్టెక్కించారు.

తరవాత నేను ఎవరి పుస్తకంలోనూ ఆత్మవిశ్వాసం లేదని రాయలేదు, ముందుగా తలుపు బయట నిలబడి వినకుండా.