గొంతు పోయిన ఏడాది

మా అత్తకు చెవుడు. నేను కోడలిగా వచ్చేనాటికే ఆమెకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పనిచేసేది. మా ఇంటాయన ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. నెమ్మదిగా మాట్లాడే మనిషి. కొడుకు మాట తల్లికి అందేది కాదు. నాది మాత్రం బడిపిల్లల ముందు అరిచి అరిచి గట్టిపడిన గొంతు. వంటింట్లో నిలబడి మాట్లాడినా వసారాలో ఉన్న ఆమెకు చేరేది.

"వాడు పెదాలు కదిలిస్తాడు, అంతే. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది నువ్వే," అనేది.

నేను కోసిగి దగ్గర ఒక ఊళ్లో హైస్కూలులో తెలుగు చెబుతాను. సాయంత్రం ఇంటికొచ్చి జొన్నరొట్టెలు తడుతూ ఆరోజు బడిలో జరిగినవన్నీ ఆమెకు చెప్పడం అలవాటు. ఎవరు కొట్టుకున్నారు, మధ్యాహ్నం గుడ్లు సరిగా ఉడికాయా లేదా, ఏ పిల్ల బడికి రావడం మానేసింది. ఆమె వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, పనికొచ్చే చెవి నా వైపు తిప్పి కూర్చునేది. తానెన్నడూ చూడని ఆ పిల్లల సంగతులు నాకన్నా ఆమెకే బాగా గుర్తుండేవి.

ఆ ఏడాది బడిలో గదుల మరమ్మతు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లనూ కలిపి రేకుల షెడ్డులో కూర్చోబెట్టారు. షెడ్డు అవతలి సగంలో లెక్కల సారు క్లాసు. మధ్యలో గోడ లేదు. ఆయన గొంతును దాటి నా గొంతు వెనక వరుస దాకా పోవాలి. పైగా దుమ్ము. దసరా సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం పద్యం చదువుతుంటే రాగం తీసిన చోట గొంతు తెగిపోయింది. మళ్లీ నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నా మొహం చూసి ఊరుకున్నారు.

హెడ్మాస్టరు ఓదార్పుగానే చెప్పాడు. "వేన్నీళ్లు తాగండి మేడమ్, అదే సర్దుకుంటాది. తెలుగు చెప్పేదానికి మీరు తప్ప ఇంకెవరుండారు ఈడ?"

సర్దుకోలేదు. బొంగురుపోయిన గొంతుతోనే ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి కర్నూలుకు పోయాను. డాక్టరు గొంతులోకి గొట్టం దించి చూసి, చిన్న గడ్డ ఉంది, తీసేయాలన్నాడు. "తీశాక నెల రోజులు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు. ఆ తర్వాత పాత గొంతే వస్తుందని మాత్రం నేను చెప్పలేను," అన్నాడు.

ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన రోజు మా ఆయన తల్లి చెవి దగ్గర నోరు పెట్టి సంగతంతా చెప్పాడు. ఆమె సరే సరే అని తల ఊపింది. ఎంత విన్నదో, ఏమి విన్నదో తెలియదు. కాగితం మీద రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. మరుసటి రోజు నుంచి నా వెంటే తిరిగేది. ఏదో ఒకటి అడిగేది. నేను చేతులతో సైగలు చేస్తే అర్థంకాక, కాసేపు నిలబడి వెళ్లిపోయేది.

వారం తిరక్కుండానే పక్కింటి సాయిబుల కోడలు వచ్చింది. "అక్కా, పెద్దమ్మ మా అరుగు మీద కూర్చోని ఏడుస్తాంది. కోడలు నాతో మాట మానేసింది, నేనేం తప్పు జేసినానో అడుగు అంటాంది," అని చెప్పింది.

నేను పోయి అత్త పక్కన కూర్చున్నాను. ఆమె చేయి పట్టుకుని నా గొంతు మీద పెట్టుకుని, అడ్డంగా తల ఊపాను. ఆమె వేళ్లతో కాసేపు తడిమి చూసింది.

"గొంతు నొస్తాందా? మరి ఆ మాట చెప్పొచ్చు గదమ్మా నాకు," అంది.

పక్కింటామె మొహం పక్కకు తిప్పుకుంది. మరుసటి పొద్దున్నుంచి అత్త నాకు మిరియాల కషాయం కాచి ఇవ్వసాగింది. నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది. తాగాక, మాట వస్తుందేమోనని నా నోటి వైపే చూసేది.

నెల గడిచాక గొంతు వచ్చింది కానీ అది నాది కాదు. పాత గుడ్డ చింపినట్టు సన్నగా, గరగరగా ఉండేది. బడికి పోయేసరికి సగం క్లాసు ఖాళీ. కోతలకు వలసపోయే సుగ్గి కాలం మొదలై, గుంటూరు వైపు మిరపకోతలకు పోయిన కూలీల వెంట పిల్లలూ పోయారు. మిగిలినవాళ్లను దగ్గరగా కూర్చోబెట్టుకుంటే ఆ గొంతే సరిపోయేది. పిల్లలు లేకపోవడం నాకు సుఖంగా ఉందని తెలిసి సిగ్గేసేది.

ఎండలు ముదిరాక వాళ్లు తిరిగొచ్చారు. షెడ్డు నిండింది. నా మాట రెండో వరుస దాటలేదు. మా ఆయన బజారు నుంచి నడుముకు కట్టుకునే చిన్న మైకు తెచ్చాడు. బడిలో దాంతో పని జరిగింది. ఒక సాయంత్రం ఆశపడి దాన్ని ఇంట్లో పెట్టుకుని, "అత్తా, కాఫీ తాగుతావా?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి వీధి వైపు చూసింది. "ఓట్లడిగేటోళ్లు వచ్చినట్టుండారు, చూడుపో," అంది.

"నేనే అత్తా, నేనే మాట్లాడతాండా."

"ఎవరో ఆడమనిషి అరుస్తాంది. తలుపెయ్యి."

నేను మైకు తీసి అలమరలో పెట్టాను. ఆ తర్వాత ఆమె నన్ను ఏదీ అడగడం మానేసింది. జవాబు రానప్పుడు ఎన్నాళ్లని అడుగుతుంది? పీట గోడకు ఆనించే ఉండేది. వసారాలో కూర్చుని వీధిలో పోయే మనుషులను చూసేది.

వేసవి సెలవుల్లో జ్వరం పట్టుకుంది. మంచం దిగలేకపోయింది. ఒకరోజు కళ్లు తెరిచి, "వాడు తిన్నాడా?" అంది. నేను వంగి, ఆమె చెవికి నోరు ఆనించి, ఉన్న శక్తంతా పెట్టి, తిన్నాడని చెప్పాను. మళ్లీ చెప్పాను.

"గాలి తగులుతాంది. మాట రాలేదమ్మా," అంది.

ఆ జ్వరంతోనే పోయింది.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు పోయినవాళ్ల మంచీ చెడూ చెప్పుకుంటూ ఏడుస్తారు. అందరికన్నా గట్టిగా కోడలి గొంతు వినపడాలి. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నోరు తెరిస్తే దగ్గు తప్ప ఏమీ రాలేదు. ఊరి నుంచి వచ్చిన మా ఆయన మేనత్త పక్కామెతో అంటుంటే విన్నాను. "టీచరు గదా, నలుగుర్లో ఏడ్చేదానికి నామోషీ. ఉన్నప్పుడే ముసిల్దాంతో మాట్లాడలేదంట, ఇప్పుడేం ఏడుస్తాది."

మా ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన కూడా విన్నాడు. తల వంచుకుని దండలు సర్దుతూ ఉండిపోయాడు. తర్వాత నేనూ ఆ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

దినాలు అయ్యాక బడి తెరిచారు. గొంతు ఇక ఇంతేనన్నాడు డాక్టరు. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకోవడానికి ఈ మాత్రం చాలు. అయినా చాలా రోజులు ఆయన మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి, తిని, పడుకునేదాకా ఇద్దరి మధ్యా ఒక్క మాటా ఉండదు.