మధ్యలో చోటు లేని బండి

మా నాయన పాత బండి వంద సీసీ. హార్స్‌పవర్ ఎనిమిదో ఎంతో, లీటరుకు అరవై కిలోమీటర్లు దాటి పోయేది. తమ్ముడు ఫోన్‌లో చూసి చూసి మనసు పారేసుకున్న బండి రెండు వందల సీసీ. బలం మూడింతలు, మైలేజీ సగం, వెనక టైరు తొడంత లావు. "రెండూ పక్కపక్కన పెట్టి చూడక్కా" అని ఫోను నా మొహం మీద పెట్టేవాడు. చూశాను. సీటు ఎంత ఎత్తో రాశారు, ట్యాంకులో ఎంత పెట్రోలు పడుతుందో రాశారు. ముగ్గురు పడతారా అన్నది ఎవరూ రాయలేదు.

మాకు కావాల్సింది అదొక్కటే. నాయనకు కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కు అర్ధవీడు నుంచి మార్కాపురం పోవాలి. వచ్చేటప్పుడు ఆయనకు మెడ నిలవదు. తమ్ముడు ముందు, నాయన మధ్యలో, నేను వెనక. ఇద్దరి నడుములకూ కలిపి తువ్వాలు కట్టి, నేను వెనక నుంచి పట్టుకునేదాన్ని. అమ్మ లేదు, నా కాపురం ఊళ్ళోనే కాబట్టి ఆ పని నాదే.

ఒక సాయంత్రం పుట్టింటికి పోతే వాకిట్లో కొత్త బండి ఉంది, పూలదండతో సహా.

"పాతది యాడరా?"

"ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చినా."

"పొద్దున డయాలసిస్ ఉండాది. నాయన యాడ కూచోవాల?"

"ఎనక కూచుంటాడు. నువ్వు బస్సుకు రా."

ఆ వెనక సీటు అరచేతి వెడల్పు. ముందు సీటు కంటే జానెడు ఎత్తు.

"పడి సస్తాడురా!"

"నేను బాగుపడితే నీకు కడుపుమంట" అన్నాడు.

చెంప పగలగొట్టాను. వాడు నన్ను గోడకేసి తోశాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. మా తాత కోపం నాకే వచ్చిందంటారు, నిజమే. రోకలి తీసుకుని హెడ్‌లైటు మీద ఒకటి వేశాను, ట్యాంకు మీద ఇంకొకటి. వాడు నా జుట్టు పట్టి లాగి, రోకలి గుంజుకుని, నా తల మీదికే ఎత్తాడు. చంపేస్తాడనే అనుకున్నాను.

నాయన మంచం మీది నుంచి ఎప్పుడు లేచాడో తెలియదు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. రోకలి దాని మీద పడింది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చెయ్యి అది. బీపీ కూడా ఆ చేతికి చూడనిచ్చేవాళ్ళం కాదు. కళ్ళ ముందే నల్లగా ఉబ్బింది.

ఆటోలో మార్కాపురం పోయాం. డాక్టరు తడిమి చూసి, ఈ చెయ్యి ఇక పనికిరాదు, ఇప్పటికి డయాలసిస్‌కు మెడలో పైపు వెయ్యాలన్నాడు. "ఎలా తగిలింది పెద్దాయనా?"

నేను నోరు తెరిచాను. వాణ్ణి స్టేషన్‌లో కూర్చోబెట్టాలనే ఉంది నాకు.

"కొత్త బండి గద సారూ, ఎక్కబోయి పడినా" అన్నాడు నాయన. "పిల్లోడు మెల్లగానే తోలతాడు."

డాక్టరు నా నుదుటి వైపు చూశాడు. "నీకేమైందమ్మా?"

నాయన కుడి చెయ్యి నా కొంగు పట్టుకుంది. పక్కన తమ్ముడు తల ఎత్తలేదు. వాడి గొంతు పిసకాలన్నంత కసిగా ఉంది నాకు.

"నేనూ పడినా సార్" అన్నాను.