నూకరత్నం అత్త లక్నోలో లేదు

మా నూకరత్నం అత్త అబద్ధమాడడం మానేసి ఆరేళ్ళయింది. అంతకుముందు ఆవిడ ఆడినన్ని అబద్ధాలు ఈ తీరంలో ఇంకెవరూ ఆడి ఉండరు. ఉప్పాడ అవతల మా పల్లె నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ వెంట తిరుగుతూ చేపలమ్మేది. మొన్నటి చందువాను చేత్తో పట్టుకుని, "ఇప్పుడే వల్లోంచి తీశారమ్మా, ఇంకా ఊపిరుంది" అని మొగుడి మీద ఒట్టేసి మరీ చెప్పేది. మామయ్య ఇంకా దుక్కలా ఉన్నాడు కాబట్టి, ఒట్లకు మనుషుల్ని చంపే శక్తి లేదని నా గట్టి నమ్మకం.

అత్త నమ్మకం వేరు. ఆవిడ కూతురికి గుండెలో చిల్లుతో ఆడపిల్ల పుట్టింది. రెండు రోజులు కూడా కష్టమన్నారు. అత్త అన్నవరం కొండెక్కి, సత్యదేవుడి వ్రతం చేయించుకుని, పిల్ల బతికితే చచ్చేదాకా అబద్ధమాడనని మొక్కుకుంది. పిల్ల బతికింది. వీరదుర్గ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి అత్త బేరానికొచ్చిన వాళ్ళతో "ఇది నిన్నటిదమ్మా, మెత్తబడింది, వద్దులే" అంటోంది. విచిత్రమేమిటంటే జనం ఇప్పుడు ఆవిడ గంప వచ్చేదాకా ఆగి మరీ కొంటున్నారు.

చిల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. వీరదుర్గ పది అడుగులు పరిగెడితే చాలు, పెదాలు నల్లబడేవి. "పరిగెత్తకే" అనే మాట అత్త రోజుకు వందసార్లు అనేది.

నా పేరు ఉదయ్‌కుమార్. చేపలమ్మే ఆడవాళ్ళ సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. అత్త నాకు వేలు విడిచిన మేనత్త. మా దగ్గర సముద్రం ఇళ్ళతో పాటు రోడ్డునూ, దాని కింద కేబుల్‌నూ కూడా కోసుకుపోతుంది. మూడోసారి తెగాక కేబుల్ వాళ్ళు మా వల్ల కాదని దణ్ణం పెట్టేశారు. అప్పుడు మా డాబా మీదికి శాటిలైట్ డిష్ వచ్చింది. నెట్ ఆకాశం మీంచి వస్తుందన్నది తప్ప దాని సంగతి నాకేమీ తెలియదు. పల్లెలో అందరూ నాకు తెలుసనుకున్నారు. నేనూ కాదనలేదు.

ఆ శుక్రవారం సముద్రపు పోటు రోడ్డెక్కి ఆటోలు ఆగిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి అత్త వగరుస్తూ ఆఫీసులోకి వచ్చింది. పిల్లలకు గుండె ఆపరేషన్లు చేసే ఒక దూరపు ఆసుపత్రికి ఏడాది కిందట నేనే పిఠాపురం నెట్ సెంటర్‌లో కూర్చుని, అత్త పేరున, అత్త ఫోన్ నంబరుతో మెయిల్ తెరిచి దరఖాస్తు పంపాను. అక్కడి నుంచి దేవకుమారి అనే ఆవిడ ఇప్పుడు ఫోన్ చేసిందట. ముందు పిలిచిన పిల్లాడికి జ్వరం వచ్చిందట. సోమవారం వీరదుర్గకు చేస్తారు. మెయిల్‌లో వచ్చిన ఫారం నింపి, నాలుగింటిలోపు అదే మెయిల్ నుంచి తిప్పి పంపాలి. లేకపోతే వరసలో తర్వాతి బిడ్డను పిలుస్తారు. మళ్ళీ ఎప్పుడో వాళ్ళూ చెప్పలేరు.

"ఐదు నిమిషాల పనత్తా" అన్నాను.

అత్తది బటన్ల ఫోను. ఆఫీసులో సిగ్నల్ ఉండదు, అరవై అడుగుల అవతల రాళ్ళ గట్టు మీద ఉంటుంది. అక్కడా మాటలు వస్తాయి గానీ నెట్ రాదు. ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ చేస్తారేమోనని ఆవిడ గట్టు మీద నిలబడింది. నేను పాస్‌వర్డ్ కొట్టాను. గుండ్రం తిరిగింది, తిరిగింది. చివరికి, మీ భద్రత కోసం ప్రయత్నం ఆపేశాం, పది నిమిషాల తర్వాత రండి అని వచ్చింది.

పాస్‌వర్డ్ తప్పంటే అర్థముంది. పాస్‌వర్డ్ సరిపోయింది అంటుంది, లోపలికి మాత్రం రానివ్వదు. పది నిమిషాలాగి మళ్ళీ కొట్టాను. అదే మాట. రౌటర్ ఆపి వేశాను. డాబా ఎక్కి డిష్ మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. మబ్బు అడ్డమేమోనని ఆకాశం కేసి చూశాను. ఒక్క మబ్బు కూడా లేదు. తప్పు నాదో, డిష్‌దో, మెయిల్‌దో పాలుపోలేదు. మూడోసారి కూడా గెంటేసి, ఇంకొక్క ప్రయత్నం మిగిలింది, ఆ తర్వాత రేపే అంది. తల ప్రాణం తోకకొచ్చింది.

మూడుంబావుకు గట్టు దగ్గరికి నడిచాను. అత్త మొహం వెలిగిపోతోంది.

"నేనిక్కడ ఊరికే నిలబడలేదురా. దొంగోణ్ణి మూడుసార్లు తరిమాను."

"దొంగేంటత్తా?"

"ఫోన్‌లో ఒకావిడ అడుగుతుంది. లక్నో నుంచి మీ మెయిల్ తెరుస్తున్నది మీరేనా, అవునైతే ఒకటి నొక్కండి, కాకపోతే రెండు నొక్కండి అని. నేను లక్నోలో ఎందుకుంటానురా? రెండు నొక్కాను. మూడుసార్లూ."

నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు. ఆవిడ ఫోన్ లాక్కుని డిష్ బిగించిన రమేష్ బాబుకు చేశాను. నేను చెప్పేది సాంతం విని ఆయన నవ్వాడు.

"మీ నెట్ పైకెళ్ళి మళ్ళీ నేల మీద దిగేది లక్నోలోనండి. అక్కడ మా స్టేషనుంది. మెయిల్ వాళ్ళకి మీరు లక్నోలో ఉన్నట్టే కనబడతారండి. అవునని నొక్కెయ్యండి, అయిపోద్ది."

ఫోన్ ఆవిడ చేతికిచ్చి, "ఈసారి ఒకటి నొక్కత్తా" అన్నాను.

"నేను లక్నోలో లేను కదరా."

"లేవు. కానీ ఉన్నట్టే లెక్కట."

"అబద్ధమే కదా మరి."

అప్పుడు నాకు అన్నవరం మొక్కు గుర్తొచ్చింది. నేను నొక్కుతానన్నాను. తనను అడిగిన దానికి ఇంకొకడితో అబద్ధం చెప్పించడం మరీ పాపమంది. ఇది యంత్రమత్తా, దీనికి సత్యం అసత్యం ఉండవన్నాను. "సత్యదేవుడికి ఉంటాయి కదరా" అంది. నొక్కకపోతే పిల్లకు ఆపరేషన్ లేదు, నొక్కితే పిల్లను నిలబెట్టిన మాట తప్పినట్టే. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతోంది. ఏది నొక్కినా వీరదుర్గే పోతుందని ఆవిడ భయం.

మూడున్నర దాటింది. "పోయి కొట్టు" అంది అత్త.

పాస్‌వర్డ్ కొట్టి గట్టుకు పరిగెత్తాను. మా నెట్ నెమ్మదితనం మొదటిసారి పనికొచ్చింది, నేను చేరాకే ఫోన్ మోగింది. ప్రశ్న నాకూ వినబడింది. అత్త ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మా, నేను లక్నోలో లేనండి. ఇక్కడే గట్టు మీదున్నాను. మా నెట్టు అక్కడ దిగిందటండి. మెయిల్ మాత్రం నాదేనండి, తెరిచేది మా ఉదయేనండి."

యంత్రం, జవాబు అర్థం కాలేదని చెప్పి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. అత్త మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. మూడోసారి అడిగాక నా వైపు చూసి, "చెప్పాల్సింది చెప్పాను కదరా" అని ఒకటి నొక్కింది.

మెయిల్ తెరుచుకుంది. నాలుగింటికి ఎనిమిది నిమిషాలున్నాయనగా ఫారం వెళ్ళింది. అందిందని దేవకుమారి గారు రాసిన రెండు ముక్కలు చదివి వినిపిస్తే అత్త ఆఫీసు గడప మీద కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "పిల్ల నవ్వుతా తిరిగొస్తే ఆ లక్నో వెళ్ళి నిలబడతాను. అప్పుడింక అబద్ధం కాదు" అంది.

సోమవారం ఆపరేషన్ జరిగింది. పిల్ల నవ్వుతూనే తిరిగొచ్చింది. లక్నో మాట ఆవిడ మర్చిపోయిందనే అనుకున్నాను.

మొన్న మాఘమాసంలో మా పల్లె ఆడవాళ్ళు కాశీ వెళ్ళారు. అత్త మనవరాలిని కూడా తీసుకెళ్ళింది. ఒక రోజు గట్టు మీద కూర్చుని అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది.

"లక్నో స్టేషన్‌లో ఉన్నానురా. పోయి నా మెయిల్ తెరువు."

చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను. మా కంప్యూటర్‌ను ఆ మెయిల్ ఎప్పుడో గుర్తుపట్టేసింది, ఇక ప్రశ్న అడగదు. గుర్తులన్నీ చెరిపేసి, కొత్తవాడిలా పాస్‌వర్డ్ కొట్టాను. అరనిమిషం తిరిగి మెయిల్ తెరుచుకుంది. గట్టుకు వచ్చేసరికి అత్త మళ్ళీ చేసింది.

"అడిగిందిరా. ఈసారి ఏమీ చెప్పలేదు, ఒకటి నొక్కేశాను." ఇంతలో ఆవిడ గొంతు పక్కకు తిరిగింది. "ఒసేయ్ దుర్గా, పరిగెత్తకే."

రైళ్ళ చప్పుడు మధ్య పిల్ల నవ్వు వినబడింది.

"సరే పరిగెత్తు" అంది అత్త. "నాకు కనబడేంత దూరంలో పరిగెత్తు."