గేటు దొరకని విమానం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లిషు వచ్చని ఇంట్లో అందరూ నమ్మేవాళ్లు, నేనూ నమ్మేవాణ్ని. డిగ్రీ అయిపోయి ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు ఆఫీసులో కొత్తగా చేరాను. ఇస్త్రీ చొక్కా లేనిదే వీధి మలుపు దాకా కూడా వెళ్లేవాణ్ని కాదు. మాది చేపలు పట్టే ఇల్లన్న సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు (ఎవరూ అడగలేదని సర్దిచెప్పుకునేవాణ్ని). సరిగ్గా అప్పుడే, ఎన్నో ఏళ్లకు మా చెరువు నిండింది. మా బాపుకు అన్న, అంటే మా పెదబాపు, మన దగ్గర దొరకని రకం చేప పిల్లలను కలకత్తా నుంచి తెస్తానన్నాడు. తోడు నన్ను రమ్మన్నాడు. “ఇంగ్లీషు నువ్వు మాట్లాడు, చేపలతోటి నేను మాట్లాడ్త” అన్నాడు.

వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లాం. వచ్చేటప్పుడు మాత్రం తొందర. ఐదు వేల పిల్లలను నీళ్లూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, డబ్బాల్లో సర్ది, మేమెక్కిన విమానంలోనే సరుకుగా వేశారు. మధ్యాహ్నం దాటితే లోపలి గాలి చాలదని అమ్మినాయన రెండుసార్లు హెచ్చరించాడు. పెదబాపుకు అదే బెంగ. కానీ విమానం పది నిమిషాలు ముందే కదిలేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. “మన మన్నెగూడ బస్సు ఎన్నడన్న టైం కంటె ముందల పోయిందారా?” అని దారంతా మెచ్చుకుంటూనే ఉన్నాడు.

శంషాబాద్‌లో విమానం ఇంకా ముందే దిగింది. దిగి, అక్కడే ఆగిపోయింది. ముందొచ్చినందువల్ల మాకు ఖాళీ గేటు లేదట. మా గేటు దగ్గరున్న వేరే విమానం కదిలేదాకా ఓపిక పట్టమని పైలట్ చెప్పాడు.

“ఏమంటుండురా?”

“గేటు లేదట పెదబాపు.”

“గేటు లేకుంటె గోడ దుంకి పోదాం పా.”

పావుగంట అయింది. ఇంకో పావుగంట అయింది. పెదబాపు బెల్టు విప్పి లేచి నిలబడ్డాడు. నేను కిటికీలోంచి రన్‌వే అవతలి గడ్డిని శ్రద్ధగా చూడసాగాను, ఆయన ఎవరి పెదబాపో అన్నట్టు. పరుగున వచ్చిన ఎయిర్ హోస్టెస్‌కు తెలుగు రాదు. ఆయన తనకొచ్చిన హిందీ అందుకున్నాడు.

“బేటీ, మేరే బచ్చే నీచే హై. హవా ఖతమ్ హోరా!”

కింద సామాన్ల అరలో ఈయన పిల్లలున్నారు, వాళ్లకు గాలి అయిపోతోంది! ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. “కిత్నే బచ్చే?” అని ఎంతమందో అడిగింది.

“పాంచ్ హజార్.”

విమానమంతా మా వైపు తిరిగింది. ఎవరో పెద్దావిడ “రామ రామ” అంది. ఎయిర్ హోస్టెస్ ఫోను అందుకోబోతుంటే ఇక దాక్కోవడం కుదరలేదు. లేచాను. అన్నేళ్ల నా ఇంగ్లిషంతా కూడగట్టుకుని, “మేడమ్, నాట్ చిల్డ్రన్. ఫిష్ చిల్డ్రన్!” అన్నాను. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోతుండగా, చివరి వరస దాకా వినిపించేలా, “మేం చేపలు పట్టేటోళ్లం! కింద మా చేప పిల్లలున్నాయి!” అని తెలుగులో అరిచాను. తెలుగువాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకాయన ఆమెకు హిందీలో విప్పి చెప్పాడు. ఆమె కూడా నవ్వేసి, పైలట్‌కు చెప్పి, మా డబ్బాలే ముందు దించేలా మాట్లాడింది. చివరికి గేటు దొరికి తలుపు తెరిచేసరికి, టికెట్టు మీద ఉన్న టైమే అయింది.

మహేశ్వరం మీదుగా ఆటో ట్రాలీలో చెరువు చేరాం. సంచుల్లో పిల్లలు కదులుతూనే ఉన్నాయి. పెదబాపు నడుముల లోతు దిగి, సంచులను విప్పకుండా నీళ్ల మీద తేలేశాడు.

“ఇగ మళ్ల ఆగుడేంది పెదబాపు? ఇడిచిపెట్టరాదు?” అన్నాను గట్టు మీంచి.

“గట్ల ఒక్కసారే ఇడుస్తె సస్తయ్ రా. ఈ నీళ్లు జర అలవాటు గావాలె. నువ్వు గూడ దిగు, చల్లగుంది.”

ప్యాంటు తడుస్తుందని దిగలేదు. విమానంలో క్షణం నిలవలేని మనిషి అక్కడ అరగంట సేపు కదలకుండా, సంచుల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత ఒక్కో మూతీ విప్పాడు. పిల్లలు వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే ఆయన ఏదో మాట్లాడుతున్నాడు. గట్టు మీదికి నాకు వినిపించలేదు. ఇప్పుడైతే మారుమాట లేకుండా దిగేద్దును. పిలవడానికి పెదబాపు లేడు, నాకేమో మోకాళ్లు నొప్పులు.