వాకిట్లోనే ముద్ద కట్టమన్న అవ్వ

అవ్వ పోయిందన్న కబురును కుప్పం రైల్వేస్టేషను ఎదురుగా ఉన్న మా సంగటి హోటలుకు ఎస్టీడీ బూతాయన మోసుకొచ్చాడు. అప్పుడు నా చేతిలో వేడి రాగిసంగటి ఉంది. ముద్ద పూర్తిగా కట్టి, నడుమ బొటనవేలితో గుంట నొక్కి, అందులో పప్పు పోసి, కంచం గిరాకీ ముందర పెట్టి, ఆ తర్వాతే ఏడ్చాను. సగం కట్టిన ముద్ద వదిలేసి ఏడ్చి ఉంటే, ఆమె పాడె మీద నుంచి లేచొచ్చి తిట్టి ఉండేది.

బంధుత్వం చెప్పమంటే చెప్పలేను. రక్తం లెక్కన ఆమె నాకు అవ్వ కాదు, నేను ఆమెకు మనవరాలిని కాదు. నేను జైలు నుంచి వచ్చినదాన్ని. ఏం కేసు అని అడగడానికి మీకు నాలుక దురద పెడుతూ ఉంటుంది. ఆమె పోయేదాకా అడగలేదు. మీరూ అడక్కండి.

మదనపల్లెలో అవ్వకు చిన్న హోటలుండేది. అక్కడి సబ్‌జైలుకు క్యారియర్లు పంపేది ఆమే. రిమాండులో ఉన్నన్నాళ్లూ నేను తిన్నది ఆమె సంగటే. శిక్ష పడి దూరం జైలుకు పోయి, తొంభైల చివర్లో బయటపడ్డాను. నిమ్మనపల్లె దగ్గర మా ఊరికి పోతే, మా అన్న కిటికీలోంచే మాట్లాడాడు. తలుపు తీయలేదు. తిరిగి మదనపల్లె బస్సెక్కాను. ఆ ఊళ్లో తెలిసిన మనిషి లేకపోయినా తెలిసిన సంగటి ఒకటుంది కదా.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి "తింటివా మే?" అంది. తిన్నాక "సేతులు కడుక్కోని పిండి జల్లించు" అంది. అంతే ఇంటర్వ్యూ. నాలాంటి వాళ్లు అక్కడ అప్పటికే ఉన్నారు. విడుదలైన రోజు గేటు బయట ఎవరూ ఎదురురాని ఆడవాళ్లను, ఖాళీ క్యారియర్లతో పాటు ఆమె ఇంటికి తెచ్చుకునేది. నీకెందుకవ్వా ఈ తంటా అంటే, బయటికి పంపేటోళ్లు బస్సు చూపిస్తారు గానీ యాడ దిగాలో చెప్పరు కదా అనేది.

నోరున్నదాన్ని కాబట్టి నేను ఊరుకునేదాన్ని కాదు. కేసేందని అడిగిన ప్రతివాడికీ ఒక కొత్త కథ చెప్పేదాన్ని. ఒకడికి బ్యాంకు దోపిడీ అన్నాను. ఒకడికి దొంగ నోట్లు అన్నాను. మరొకడు తింటూ తింటూ అడిగితే, సంగటికి వంకపెట్టినోణ్ణి తెడ్డుతో కొట్టినానప్పా అన్నాను. వాడు ఆ రోజు కంచం నాకినంత శుభ్రంగా తిని పోయాడు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత మాకందరికీ ఒక చట్టం చేసింది. కేసు అడిగినోడికి సంగటిలోకి నంజుకునే ఊరిబిండి పచ్చడి తక్కువ వెయ్యాలి. ఆ చట్టం కుప్పంలో ఇప్పటికీ నడుస్తోంది.

పుంగనూరు బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, ఇంకో హోటలు పెట్టి నన్ను అక్కడ కూర్చోబెట్టింది. అన్ని హోటళ్లలోనూ సంగటి లోపల వంటింట్లో కడతారు. అవ్వ మాత్రం కుండను వాకిట్లోకి తెచ్చి పెట్టించేది. రోడ్డున పోయే వాళ్లందరికీ నా తడి చెయ్యి కనపడాలి. "కనపడని సేతికే కతలు పుడతాయి మే. కండ్లముందర కడితే సెయ్యి సెయ్యే." గుంట నొక్కడం నేర్పిన రోజు నా బొటనవేలు పట్టుకుని, "ఇన్నాళ్లూ జైల్లో కాగితాల మీద నొక్కినావు, ఇంగ ఈడ నొక్కు" అంది. ఏ హోటల్లో ఉన్నా మొదటి ముద్ద రోజూ ఆమే తినేది, వాకిలి మెట్టు మీద కూర్చుని, అందరికీ కనపడేటట్టు.

వారం తిరక్కుండానే గది సొంతదారు వచ్చాడు. నన్ను చూడకుండా అవ్వతోనే మాట్లాడాడు. "ఆమెను యెనకాల గిన్నెలు తోమేదానికి పెట్టుకోమ్మా, నేనొద్దన్ను. ముందర కూసోబెడితే ఊరు తినదు."

"ఊరు తినకపోతే ఊరే పస్తుంటాదప్పా. దీని సెయ్యి దాసిపెట్టే హోటలు నాకొద్దు."

మర్నాడు గదికి తాళం పడింది. అవ్వ పొయ్యిని రోడ్డు పక్కకు మార్పించి, తాళం వేసిన ఆ గది మెట్టు మీదే కూర్చుని మొదటి ముద్ద తినింది. ఆ రోజు తిన్నది మేమిద్దరమే. మిగిలింది ఆవులకు వేశాం. పుంగనూరు ఆవులకు నా కేసుతో పని లేదు. అట్లా చాలా రోజులు గడిచాయి. నాకు భయం వేసి, నేను వెనకాలే ఉంటాలే అవ్వా అన్నాను. ఆమె నన్ను కొట్టినంత పని చేసింది.

ఒక పూట కుప్పం వైపు నుంచి రాళ్ల లోడుతో వచ్చిన లారీ డ్రైవరు ఆకలి మీద ఆగాడు. తిని, ఇంకోటి వెయ్యమ్మా అన్నాడు. జైలు నుంచి వచ్చాక నన్ను అమ్మా అన్న మొదటి మగవాడు వాడే. వాడి వెనక క్లీనర్లు, వాళ్ల వెనక కండక్టర్లు, చివరకు ఊరు. సొంతదారు తాళం చెవి తెచ్చిస్తే అవ్వ తీసుకుంది. గది బాగుంది గానీ కుండ వాకిట్లోనే ఉంటుందని చెప్పి మరీ తీసుకుంది.

తర్వాత నన్ను కుప్పం పంపింది. అక్కడికి తమిళమోళ్లు, కన్నడమోళ్లు వస్తారు, తిట్లు మూడు భాషల్లో నేర్చుకో అని దీవించింది.

మదనపల్లెలో అవ్వను మన్ను చేసి వచ్చేసరికి పొద్దు వాలింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వాళ్లు వండి తెచ్చి పెట్టాలి. మూడూళ్ల హోటళ్ల ఆడవాళ్లం ఆమె ఇంటి ఎదురుగా పొయ్యి పెట్టి సంగటి కెలికాం. మా మూలంగా ఇన్నేళ్లూ ఆమె గడప తొక్కని తమ్ముడు పెద్దమండ్యం నుంచి వచ్చి ఉన్నాడు. మీరు వండితే వండినారు, ముద్దలు మాత్రం మా ఆడోళ్లు కడతారన్నాడు.

"అట్లయితే ఈ పూట మీరు పస్తేనప్పా" అన్నాను. "అవ్వ మాకు నేర్పించి పోయింది అదే."

నేను చెయ్యి తడుపుకుని మొదటి ముద్ద కట్టి, గుంట నొక్కి, అవ్వ ఇంటి మెట్టు మీద పెట్టాను. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె అక్క నోరు తెరిచింది.

"నా సెల్లెలు దినామూ మొదటి ముద్ద ఎవురి సేతిది తినింది?"

మా సేతిదేనవ్వా అన్నాను.

"అయితే నాకు రెండోది పెట్టు" అని కంచం చాపింది.

ఆమె తినడం చూసి ఇంకో కంచం కదిలింది, దాని వెనక మరొకటి. తమ్ముడు చివర్న వచ్చాడు. ఆయనకు ఊరిబిండి మాత్రం తక్కువ వేశాను.

మెట్టు మీది ముద్దను ఎవరూ ముట్టుకోలేదు. ఈగలు వాలతాయి, మూత పెట్టమని ఎవరో అన్నారు. నేను పెట్టనివ్వలేదు. వీధి దీపం కింద, వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేటట్టు, నా బొటనవేలి గుంటలో నిండా పప్పుతో, అది చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంది.