గోరింటాకు చక్రవర్తి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇంటికో అప్పన్న ఉండేవాడు. సింహాచలం స్వామికి మొక్కుకుంటే పుట్టిన మగపిల్లలందరికీ అదే పేరు. ఎవరు ఎవరో తెలియాలి కదా, అందుకని ఒకరు కుంటి అప్పన్న, ఒకరు జీడితోట అప్పన్న. మేం కౌలుకు చేసే మడి ఆసామి ఎర్రగడ్డం అప్పన్న. నెరిసిన గడ్డానికి వారం వారం గోరింటాకు పట్టించడం తప్ప ఆ మనిషి ఒళ్లొంచి చేసిన పని నేనెన్నడూ చూడలేదు. ఊరంతా అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు, అతని ఎదుట తప్ప.

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. తమ్ముడి అన్నప్రాసనకు ఇంటింటికీ పిలుపు చెప్పి రమ్మని నాన్నమ్మ పంపింది. అతని అరుగు మీద చుట్టాలు కూర్చుని ఉండగా, "ఎర్రగడ్డం అప్పన్నగారూ, రేపు మా ఇంటికి బోజనానికి రమ్మన్నారు" అన్నాను. చుట్టాల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు.

"మడిలో నాగలెట్టొద్దని మీ అయ్యతో సెప్పు. ఈ యేడు ఇంకొకలకి ఇచ్చేస్తన్నాను" అన్నాడతను. చిన్నపిల్ల మాటకి ఒక ఇంటి తిండి తీసేయబోయిన వాణ్ణి ఇప్పటికీ మనిషిగా లెక్కవేయలేను.

నేను వచ్చి చెప్పగానే మా నాన్న నన్ను వెంటబెట్టుకుని పరుగున వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెంట వచ్చిన పక్కింటి సోషల్ మాస్టారు మాత్రం తాపీగా అరుగెక్కి కూర్చున్నారు.

"బాబూ, అది తిట్టనుకున్నారేటి? జర్మనీనేలిన సక్రవర్తిని లోకమంతా ఎర్రగడ్డమనే పిలిసింది. ఇటలీ బాసలో బార్బరోసా. పిల్ల నా పాఠంలో ఇన్నాది, మీకు అతికించీసినాది."

అతను గడ్డం నిమురుకున్నాడు. "సక్రవర్తా? ఎన్ని ఊళ్లుండేవేటి ఆయనకి?"

"లెక్క లేదు బాబూ."

మడి మాకే ఉండిపోయింది. ఇంటికి వస్తూ మాస్టారు మిగతాది చెప్పారు. ఆ చక్రవర్తి లొంగదీసుకోబోయిన ఇటలీ ఊళ్ల జనం పెట్టిన పేరట అది. అతను దండుతో పోతూ ఏట్లో మునిగి చచ్చిపోయాడట. తర్వాత సముద్రం మీద ఓడలు దోచే అన్నదమ్ములకూ అదే పేరు దక్కిందట.

"మరి అదంతా ఆయనకి సెప్పలేదేటి మేస్టారూ?" అని అడిగాను.

"సెప్తే మడి వస్తాదేటమ్మా?" అన్నారు.

మర్నాడు భోజనానికి వచ్చినవాడు, తనను బార్బరోసా అని పిలవమని మా నాన్నకు తనే చెప్పాడు. నాన్న పిలిచాడు కూడా. మాస్టారి తెలివిని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నాన్న గొంతే గుర్తుండిపోయింది.

ఇప్పటికీ ఎవరైనా నన్ను పొగుడుతుంటే సంతోషం కలగదు. ఈ మనిషికి నాతో ఏం పని పడిందో, కాదంటానని ఎంత భయపడుతున్నాడో అనిపిస్తుంది. పొగడ్త పూర్తి కాకముందే ఆ పని చేసి పంపేస్తాను.