గోడ మీద ఇండియా టైం

ఖతర్‌లో ఇండస్ట్రియల్ ఏరియాలో మా గదిలో నలుగురం ఉంటాం. గోడ గడియారం ఒకటే. అది ఇండియా టైం చూపిస్తుంది. నేను రాకముందు నుంచీ అంతే. డ్యూటీకి ఫోనులో ఖతర్ టైం చూసుకుంటాం, ఇంటికి ఫోన్ చేసే ముందు గోడ వైపు చూస్తాం. బ్యాటరీ అయిపోయి కొత్తది వేసినప్పుడు కూడా ఫోను చూసి, రెండున్నర గంటలు కలిపి ముల్లు తిప్పుతాం. ఎవరూ ఇదేమిటని అడగరు.

కంపెనీలో ఏ బస్సు ఏ సైటుకు ఎప్పుడు వెళ్ళాలో చార్టు వేసేది నేను. చదివింది ఇంటర్ దాకానే. సైటులో టైమ్ కీపర్‌గా చేరి, లెక్కలంటే ఇష్టం కొద్దీ కంప్యూటర్లో షీట్లు వేయడం సొంతంగా నేర్చుకున్నాను. ఈ మధ్య కోడ్ రాసిపెట్టే ఏఐ ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. ఏం కావాలో తెలుగులో చెబితే చాలు, చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిస్తుంది. ఒక్కోసారి తప్పు రాస్తుంది. నేను మళ్ళీ లెక్క చూసుకుంటాను. అలా ఇద్దరికీ సరిపోయింది.

నా పక్క మంచం అతను జగిత్యాల వైపు మనిషి. కాంక్రీటుకు చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్, మా క్యాంప్ క్రికెట్ జట్టుకు కెప్టెన్. పోయిన ఏడాది సెమీఫైనల్‌కు వీళ్ళ బస్సు పొరపాటున బజారుకు వెళ్ళేవాళ్ళని ఎక్కించుకుని పోయింది. చార్టులో సరిగ్గానే ఉంది. కానీ శుక్రవారం ట్రిప్పుల సంగతి నేను సూపర్‌వైజర్‌కి చెబితే, ఆయన ఇంకొకరికి చెబితే, వాళ్ళు డ్రైవర్‌కి చెప్పాలి. మధ్యలో ఎక్కడో మాట జారింది. జట్టు గ్రౌండుకు చేరేసరికి టాస్ టైం దాటిపోయింది, ఆడకుండానే గెలిచినట్టు ఎదుటి జట్టుకు వాకోవర్ ఇచ్చేశారు. అప్పటినుంచి మెస్సులో పప్పు వడ్డించేవాడు కూడా కెప్టెన్‌ని చూసి, "నీకు లైనెందుకన్నా, వాకోవర్ ఇచ్చేస్తాం, ముందుకు రా" అంటాడు.

ఈసారి మళ్ళీ సెమీఫైనల్ దాకా వచ్చారు. శుక్రవారం పొద్దున ఏడింటికి ఏషియన్ టౌన్ గ్రౌండులో మ్యాచ్.

"అన్నా, ఓడితే ఓడుతం. కని ఆడి ఓడాలె. బస్సు నీ జిమ్మ" అన్నాడు కెప్టెన్. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ వారమంతా మెస్సుకు అందరూ తినేసి వెళ్ళాకే వెళ్ళాడు.

మాట చేతులు మారకుండా, బయల్దేరడానికి గంట ముందు డ్రైవర్ ఫోనుకే నేరుగా మెసేజ్ వెళ్ళాలి. అది నా ఆలోచన. ఏఐకి చెప్పాను. తనకు తానుగా గడియారం చూడలేనని, నా ఫైళ్ళు తెరవలేనని, మెసేజ్ పంపలేనని చెప్పింది. ఒక్కో పనికీ ఒక్కో చిన్న ప్రోగ్రాం తెచ్చి పక్కన పెట్టాలట. వాటిని టూల్ సర్వర్లు అంటారు. కొత్తగా వచ్చిన పనివాడికి గోదాము తాళం, గడియారం, ఫోను ఇచ్చినట్టే అనుకున్నాను. మూడు కావాలి. ఫైళ్ళకొకటి, టైముకొకటి, మెసేజ్‌కొకటి.

డౌన్‌లోడ్ చేయడం కష్టం కాలేదు. ఏ సర్వర్ ఎక్కడుందో, ఎలా మొదలుపెట్టాలో ఒక సెట్టింగుల ఫైల్లో రాయాలి. అక్కడే మూడు సాయంత్రాలు పోయాయి. ఫైళ్ళ సర్వర్‌కి బస్సుల చార్టులున్న ఫోల్డర్ ఒక్కటే చూపించాను. పక్క ఫోల్డర్లో మా అమ్మాయి ఫొటోలున్నాయి, వాటితో దానికేం పని? అన్నీ రాసి ఏఐని మళ్ళీ తెరిస్తే ఒక్క సర్వరూ కనెక్ట్ కాలేదు. సెట్టింగుల ఫైల్లో తెరిచిన బ్రాకెట్లు, మూసిన బ్రాకెట్లు విడివిడిగా లెక్కపెట్టాను. మూసినవి ఒకటి తక్కువ. అది పెట్టగానే మూడింటి పక్కనా పచ్చ చుక్కలు వెలిగాయి. చూడమని కెప్టెన్‌ని పిలిచాను.

"ఇందుల బస్సు ఏడుందన్నా?" అన్నాడు.

గురువారం డ్యూటీ దిగాక పరీక్ష పెట్టాను. చార్టులో ఆ సాయంత్రం ఆరున్నరకు ఒక ఉత్తుత్తి ట్రిప్పు రాశాను. ఐదున్నరకు డ్రైవర్‌కి మెసేజ్ వెళ్ళాలి. మా డ్రైవర్ది కడప జిల్లా. మెసేజ్ వచ్చిందా లేదా ఫోన్ చేసి చెప్పు చాలు అని ముందే చెప్పి ఉంచాను. అప్పుడు ఐదైంది. ఏఐని మొదలుపెట్టి టీ తాగి వచ్చానో లేదో ఫోన్ మోగింది.

"ఏం సామీ, ట్రిప్పు టైం దాటి గంటయిందని వచ్చిండాది. బండి గేటుకాడికి తెచ్చినా. ఎవురూ లేరే?"

కిటికీలోంచి చూశాను. లుంగీలో, చేతిలో టీ కప్పుతో బస్సు పక్కన నిలబడి ఉన్నాడు. వెనక ఎండ ఇంకా గట్టిగానే ఉంది.

కెప్టెన్ కూడా చూశాడు. "నీ మిషన్ లెక్కన మన మ్యాచ్ అయిపోయినట్టుందన్నా. గెలిచినమా?" అన్నాడు. కానీ మంచం మీద కూలబడిన తీరులో నవ్వు లేదు. తెల్లారితే మ్యాచ్.

ముందు చార్టు చూశాను. ఆరున్నరే ఉంది. బ్రాకెట్లు సరిపోయాయి. ఇక ఏఐనే అడిగాను, ఇప్పుడు టైం ఎంత అని. ఏడు ముప్ఫై ఎనిమిది అంది. ఫోను చూశాను. ఐదు ఎనిమిది. తీసివేస్తే రెండున్నర గంటలు.

ఈ రెండున్నర నాకు బాగా తెలిసిన సంఖ్య. ప్రతిరోజూ దాన్ని కలుపుతూ, తీసేస్తూ బతుకుతున్నాను. తలెత్తి గోడ గడియారం చూశాను. ఏడు ముప్ఫై ఎనిమిదే. నా ల్యాప్‌టాప్ ఇండియాలో కొన్నది. దాని టైం నేనెప్పుడూ మార్చలేదు, గోడ గడియారానికి జోడీగా ఉంటుందని. టైం సర్వర్‌కి ఊరు చెప్పకపోతే అది ల్యాప్‌టాప్‌నే అడుగుతుంది. పాపం, మా గదిలో అందరూ నమ్మే టైమునే అదీ నమ్మింది.

"ల్యాప్‌టాప్ టైం మార్చెయ్ అన్నా, అయిపాయె" అన్నాడు కెప్టెన్.

"మరి ఆ గోడదీ మార్చమంటావా?"

అతను గడియారం వైపు చూసి, "అది వద్దు తియ్" అన్నాడు.

ల్యాప్‌టాప్‌ని కదపకుండా టైం సర్వర్ ఒక్కదానికే ఖతర్ అని చెప్పవచ్చట. ఏఐయే చూపించింది, సెట్టింగుల్లో ఒక్క లైను. రాశాను, మళ్ళీ తెరిచాను, టైం అడిగాను. ఫోనుతో కలిసింది. సరిగ్గా ఐదున్నరకు డ్రైవర్ ఫోన్ చేశాడు.

"ఇప్పుడు సరిగ్గా వచ్చింది సామీ. పొద్దున గూడా ఇట్లే అయితే ప్యాంటేసుకోని వస్తా."

శుక్రవారం పొద్దున ఆరింటికి బస్సు. ఐదింటికి మెసేజ్. నేను నాలుగున్నరకే లేచి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కెప్టెన్ ప్యాడ్లు సర్దుతున్నట్టు నటిస్తూ నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఐదింటికి మెసేజ్ వెళ్ళింది. వెంటనే డ్రైవర్ నుంచి బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చింది. ఆరుకు పది నిమిషాల ముందే గేటు దగ్గర హారన్ మోగింది.

"యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ కెప్టెన్ అందరికంటే ముందు పరుగెత్తాడు.

మేము వెళ్ళేసరికి గ్రౌండులో అంపైర్లు కూడా రాలేదు. పిచ్ ఊడ్చేవాడు ఒక్కడే ఉన్నాడు. కెప్టెన్ వాడికి కూడా చెయ్యి కలిపాడు. మ్యాచ్ చివరి ఓవర్ దాకా వచ్చింది. స్కోరు రాసింది నేనే కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను, నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయాం.

తిరిగి వస్తుంటే బస్సులో కెప్టెన్‌కి ఊరి నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాడు. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్ల ఆట గెలిచినవా బిడ్డా?"

"గెల్వలేదవ్వా" అన్నాడు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "కని బస్సు టైంకు అచ్చింది."